తిత్తి, టర్బో, మా అల్లుడి బండి

పోయిన వారం పెట్టిన ఫోటో కింద చాలామంది అడిగిన్రు. "అన్నా, ఆ ఎర్ర కారు కింద పండుకున్న పిలగాడు ఎవరు? నువ్వు భూముల మీద, హాస్టళ్ల మీద రాసేటోనివి, నీకీ కార్ల ముచ్చటేంది?" అని. ఒక తమ్ముడైతే ఇన్‌బాక్స్‌ల "సోకులు మనకెందుకన్నా" అన్నడు. ఆ తమ్మునికి ఒక్క ముక్కల జవాబు చెప్పొచ్చు గని, అట్ల తెగేది కాదిది. అందుకని ఈ వారం హాస్టళ్ల ముచ్చట పక్కకు వెట్టి బండి ముచ్చటే రాస్తున్న. జర పొడుగైతది, ఓపిక పట్టుండ్రి.

ఆ పిలగాడు మా అక్క కొడుకు, నాకు మేనల్లుడు. ఐటీఐల డీజిల్ మెకానిక్ చేసిండు. కామారెడ్డిల ఎల్లారెడ్డి రోడ్డుకున్న ఒక షెడ్డుల ఏడేండ్ల సంది పని చేస్తున్నడు. ఆ ఎర్ర కారు వానిదే. పన్నెండేండ్ల పాతది. చిన్న పెట్రోల్ ఇంజన్, దానికి టర్బో. కొత్తగున్నప్పుడు పట్నంల ఉన్నోళ్ల పిల్లలు ఔటర్ రింగు రోడ్డు మీద ఉరికించిన రకం బండి. కంపెనీ పేరు రాయను. సూది ఎర్రగీత మీదికి పోతున్నదని, ఇంజన్ మసులుతున్నదని అమ్మినాయన తక్కువకే ఇచ్చేసిండు. లక్షా నలభై వేలు. దాంట్ల సగం మావోడు దాసుకున్నవి, సగం మా అక్క మహిళా సంఘంల తీసిన లోను. కిస్తీ నెలనెలా కట్టాలె. ఇంజన్ పట్టేస్తే బండి తుక్కు కిందికి పోతది, కిస్తీ మాత్రం పోదు. ఇదీ సోకు లెక్క.

మరి ట్రాక్టరో ట్రాలీ ఆటోనో కొనక ఇదెందుకు కొన్నవ్‌రా అని నేనే అడిగిన. వాడు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్న. "మామ, ట్రాక్టర్లు, జీపులు అందరు చేస్తరు. టర్బో పెట్రోల్ బండి ఖరాబైతే కామారెడ్డోళ్లు గూడ పట్నం తీస్కపోతరు. ఇది నా చేతుల బాగై ఈ రోడ్డు మీద తిరిగితే పని నన్ను ఎతుక్కుంట వస్తది. నాకిది కారు గాదు, సర్టిఫికెట్." ఐటీఐ ఇచ్చిన సర్టిఫికెట్ బీరువల ఉన్నది. దాన్ని చూసి ఎవడూ బండి తెచ్చి ఇయ్యలే.

ముందుగాల పట్నంల కంపెనీ వర్క్‌షాప్‌కే తీస్కపోయినం, ఏమేం పోయినయో లెక్క చూద్దామని. నేను గూడ పోయిన. లోపట ఏసీ, గాజు బల్లలు, కాఫీ మిషిను. కంప్యూటర్ కాడ కూసున్న సారు "ఓనర్ ఎవరు?" అన్నడు. "నేనే సార్" అన్నడు మావోడు. "అది గాదు, బండి ఓనర్ ఎవరు, ఆయన నంబర్ చెప్పు" అన్నడు. ఆర్సీ చూపించినంక గూడ పేరు రెండుసార్లు చదివిండు, ఊరు అడిగిండు, ఇంటిపేరు అడిగిండు. డ్రైవర్లు కూసునే రూము అటు దిక్కు ఉంటదన్నడు. గంట తర్వాత కాగితం చేతుల వెట్టిన్రు. రేడియేటర్, నీళ్ల పంపు, టర్బో మొత్తం సెట్టు, సైలెన్సర్ ముందర పైపు, మజూరీ, పన్ను, అన్నీ కలిపి లక్షా అరవై ఐదు వేలు. బండి కొన్నదానికంటె ఎక్కువ. అండ్ల ఏది ఖరాబైంది, ఎందుకైంది అని అడిగితే "మేం పార్టులు మారుస్తం, వివరం చెప్పం" అన్నరు. వాపస్ వచ్చేటప్పుడు తూప్రాన్ దాకా మావోడు మాట్లాడలే. తూప్రాన్ దాటినంక అన్నడు, "మనమే చేసుకుందాం మామ."

సొంతంగ చేసుకునుడు అన్న మాటకు లోకంల శాన గౌరవం ఉన్నది. ఫోన్ల వీడియోలు చూడండ్రి. అమెరికాల ఒకాయన ఇంటి ముందర గ్యారేజీల శని, ఆదివారాలు పాటలు పెట్టుకోని టర్బో విప్పుతడు. అది ఆయనకు కాలక్షేపం. మన జాతికి సొంతంగ చేసుకునుడు కాలక్షేపంగ రాలేదు. బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"ల రాసిన రెండు ముచ్చట్లు మీకు యాదికుండాలె. 1901ల తొమ్మిదేండ్ల పిలగాడు, అన్న, అక్క పిల్లలతోని తండ్రి దగ్గరికి పోతున్నడు. మసూర్ స్టేషన్ల దిగిన్రు. మంచి బట్టలు తొడుక్కున్నరు. కులమేందో తెలిసేదాక స్టేషన్ మాస్టర్ ప్రేమగనే మాట్లాడిండు. తెలిసినంక ఒక్క బండాయన గూడ ఎక్కించుకోలే. రెట్టింపు కిరాయి ఇస్తమన్నా బండి తోలనన్నరు. ఆఖరుకు పిల్లలే ఎడ్ల పగ్గాలు పట్టి తోలుకోవాలె, బండాయన పక్కపొంటి నడుసుకుంట రావాలె. గట్ల కుదిరింది బేరం.

రెండోది 1929ల, చాలీస్‌గావ్‌ల. అప్పటికి ఆయన బారిస్టరు, సర్కారు వేసిన కమిటీ మెంబరు. టాంగావాలలు ఆయన్ని కూసోబెట్టుకోని తోలుడు నామోషీ అన్నరు. టాంగా కిరాయికి ఇస్తం, తోలం అన్నరు. వాడోళ్లల్ల ఒకాయన, టాంగా తోలుడు ఎన్నడూ ఎరగనాయన, పగ్గాలు పట్టిండు. వంతెన మీద బండి తిరగవడ్డది, బాబాసాహెబ్ కాలు విరిగింది. ఈ ముచ్చట చెప్పేటప్పుడు మనం అంటరానితనం దగ్గర ఆగుతం. నాకు మాత్రం ఆ పగ్గాలు పట్టిన మనిషే యాదికొస్తడు. ఆయన తప్పేమున్నది? తోలుడు నేర్చుకునే మోకా ఆయనకెవరిచ్చిన్రు? బండి దొరికి పని రాకపోతే కాలు విరుగుతది. ఈ మాట కిందికి మళ్లా వస్తది, యాది పెట్టుకోండ్రి.

షెడ్డు ముచ్చట చెప్పాలె. కామారెడ్డి బెల్లం వ్యాపారానికి పేరున్న ఊరు. రైలున్నది, ఒకప్పటి ఏడో నంబర్, ఇప్పటి 44వ నంబర్ జాతీయ రహదారి ఉన్నది. లారీలున్నకాడ షెడ్లు పడతయి. మా ఇంటిచుట్టూ మెకానిక్ పని నేర్చుకున్న మొగపిల్లలందరికీ గురువులు ముస్లిం ఉస్తాదులే. ఈ పనికి పాత కులం లేదు. కమ్మరి, వడ్రంగి, అవుసుల పనుల్లెక్క తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కు అని రాసిపెట్టి లేదు. అందుకనే మా పిల్లలు దూరగలిగిన్రు. మావోని ఉస్తాదు దగ్గర నీళ్ల కుండ ఒక్కటే, గిలాస ఒక్కటే. ఊర్ల హోటల్ల మా తండ్రి గిలాస బయట తాటిదూలం మీద ఉంటుండె. ఆ తేడా చిన్నది గాదు.

అట్లని షెడ్డును స్వర్గం అననీకి నాకు నోరు రాదు. పన్నెండేండ్ల పోరగాండ్లతోని డీజిల్ల పానాలు కడిగిస్తరు. పని తప్పు వోతే అదే పానాతోని మోకాలి చిప్ప మీద ఒక్కటి పడతది. మావోడు కొత్తల ఉన్నప్పుడు వానితోటి పనోడు మసులుతున్న రేడియేటర్ మూత తిప్పిండు. మొఖం, మెడ కాలినయి. వారం రోజులు అరటాకుల మీద పండుకున్నడు, కూలి రాలే, దవాఖాన ఖర్చు తల్లి మీదనే పడ్డది. ఇప్పటికీ మావోడు ఏ బండి మూత ముట్టుకున్నా ముందు మీది గొట్టం ఒత్తి చూస్తడు. గట్టిగుంటే లోపట ఒత్తిడి ఉన్నట్టు. అప్పుడు బీడీ తాగేంతసేపు గాదు, అన్నం తినొచ్చేంతసేపు ఆగాలె.

ఇగ బండి. టర్బో అంటే ఏందో మొదలు చెప్త, ఎందుకంటే ఇది మనకు తెలిసిందే. తిత్తి ఎరుకనా? కమ్మరి కొలిమి కాడ గాలి ఊదే తోలు సంచి. కొలిమి కమ్మరాయనది, తిత్తికి తోలు మాది. మా తాత తంగేడు చెక్క దంచి, సున్నం వేసి, లందల తోలు నానవెట్టి పదును చేస్తుండె. మోట బొక్కెన, చెప్పులు, తిత్తి అన్నీ ఆ లందల నుంచే లేసినయి. నిప్పు అదే, బొగ్గు అదే, గాలి జోరుగ ఊదితే ఇనుము మైనం లెక్క మెత్తగైతది. ఇంజన్ గూడ ఒక కొలిమే. లోపటికి ఎంత గాలి దూరితే అంత పెట్రోలు కాలుతది, అంత బలం వస్తది. మామూలు ఇంజన్ తన ఊపిరి తనే గుంజుకుంటది. టర్బో ఉన్నదానికి తిత్తి ఊదుతది. ఆ తిత్తిని ఎవరు తొక్కుతరు? బయటికి పొయ్యే పొగ. ఆ పొగ పోయేదారిల ఒక చిన్న చక్రం ఉంటది. పొగ దానికి తాకి నిమిషానికి లక్ష సుట్లకు పైన తిప్పుతది. అదే ఇరుసుకు అవతలి దిక్కు ఇంకో చక్రం, అది బయటి గాలిని కుక్కి లోపటికి తోస్తది. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బూకి 1905లనే దీనికి పేటెంట్ తీసుకున్నడు.

మా అల్లునికి ఇది చెప్తుంటే వాడన్నడు, "అంటే పారేసేదాంతోని పని చేయించుడే గదా మామ, మనం సచ్చిన గొడ్డును చెప్పు చేసినట్టు." నేను ఇరవయ్యేండ్ల సంది మీటింగుల్ల మాట్లాడుతున్న, ఆ పోలిక నాకు తట్టలే. కంచ ఐలయ్య 2009ల వచ్చిన "పోస్ట్-హిందూ ఇండియా"ల మాదిగలను శాస్త్రవేత్తలన్నడు. చదివినప్పుడు కండ్లల్ల నీళ్లొచ్చినయి, అబద్ధమెందుకు. కానీ లంద వాసన ఊరి బయటికి నెట్టిందే తప్ప పేటెంట్ ఎవడూ ఇయ్యలేదు. ఉన్న పని గూడ ఫ్యాక్టరీ తోలు వచ్చి తీస్కపోయింది. మిగిలింది వాసన మీద తిట్టే.

చల్లదనం పని మూడు వారాలు పట్టింది, అంతా రాత్రిళ్లు, షెడ్డు మూసినంక. నేను లైటు పట్టిన. నీళ్లు దింపితే ముందు ఎర్రమట్టి రంగు, తర్వాత పసుపు. పసుపంటే వంటింటి పసుపే. రేడియేటర్‌ల సన్నటి కారుడుంటే గుప్పెడు పసుపు వేసుడు మన దిక్కు పాత చిట్కా. ఊరు చేరేదాకా ఆపుతది, కాదనను. కానీ అది లోపటి సన్నటి దారులల్ల గడ్డ కట్టి కూసుంటది. ముందర ఈ బండిని చేసినాయన ఇంకో పని గూడ చేసిండు, థర్మోస్టాట్ పీకేసిండు. అది ఒక తూము. ఇంజన్ సల్లగున్నంతసేపు మూసుకోని ఉంటది. 87 డిగ్రీల చుట్టూ తెరుసుకుంటది, అప్పుడు నీళ్లు రేడియేటర్‌కు పోతయి. దాన్ని తీసేస్తే బండి సల్లగుంటదని ఒక నమ్మకం. తీసేస్తే ఇంజన్ ఎన్నడూ తగినంత వేడెక్కది. కంప్యూటర్ ఇంకా పొద్దుగాలే అనుకోని పెట్రోలు ఎక్కువ పోస్తనే ఉంటది. తాగుడు పెరుగుతది. రోగానికి మందేయక థర్మామీటర్ పగులగొట్టినట్టు.

అసలు రోగం రెండు. ఒకటి బోరు నీళ్లు. మన బోరు నీళ్లు కాగబెట్టే గిన్నెకు లోపట తెల్లగ చెక్కు కడుతది గదా, అదే చెక్కు ఇంజన్ లోపట. ఆ చెక్కు వేడిని నీళ్లకు దాటనియ్యది. రెండోది వడ్లు. నవ్వకుండ్రి. పంట కోతలప్పుడు మన రోడ్లన్నీ కల్లాలే. బండ్లు వడ్ల మీదినుంచి పోతయి, ఆ పొట్టు, తాలు లేసి ముందర జాలీల ఇరుక్కుంటది. ఈ బండికి ముందరినుంచి ఏసీది ఒక జాలీ, టర్బో గాలిని సల్లార్చే ఇంటర్‌కూలర్, దాని వెనక రేడియేటర్. మూడింటి నడుమ పొట్టు మెత్త లెక్క పేరుకున్నది. గాలి పోనప్పుడు ఫ్యాను ఎంత తిరిగితే ఏం లాభం? మావోడు మూడింటిని ఇప్పి, మోటారు జోరు తగ్గించి, లోపటి దిక్కునుంచి బయటి దిక్కుకు నీళ్లు కొట్టిండు. ముందునుంచి కొడితే పొట్టు ఇంకా లోపటికి పోతది, జోరుగ కొడితే అల్యూమినియం రెక్కలు వొరిగిపోతయి. హార్వెస్టర్ నడిపే తమ్ముళ్లు ఉంటే ఇది రాసి పెట్టుకోండ్రి.

పాత ఇత్తడి రేడియేటర్ అయితే తేజాబ్ రాసి టంకం వేసి అతుకుతుండె. ఇప్పటివి అల్యూమినియం, అటూ ఇటూ ప్లాస్టిక్ ట్యాంకులు. టంకం పట్టది. పట్నంల తుక్కు దుకాణాలల్ల మూడు రోజులు తిరిగి అదే బండిది ఇంకోటి తెచ్చిండు. బిగించే ముందు కారుతదా లేదా చూడనీకి ఒక పరికరం చేసిండు. పాత మూతకు బెజ్జం వేసి, సైకిల్ ట్యూబు వాల్వు బిగించి, పంచర్ దుకాణం మీటర్ తగిలించి, సైకిల్ పంపుతోని గాలి కొట్టిండు. 15 పీఎస్‌ఐ మించనియ్యలే. ఎందుకంటే మూత ఆపే ఒత్తిడి గూడ దగ్గర దగ్గర అంతే. ఆ ఒత్తిడి వల్లనే నీళ్లు 100 దగ్గర మసలకుండ 120 దాకా ఆగుతయి. అందుకే మూత సాదా సీదా మూత గాదు, పోతే బండి పోయినట్టే. అర్ధగంట చూసినం. మీటర్ ముల్లు మెల్లగ దిగింది. లైటు కింద వెతికితే నీళ్ల పంపు కడుపుల ఉన్న చిన్న బెజ్జం నుంచి ఒక్కొక్క సుక్క. పంపు లోపటి సీలు పోయిందన్నట్టు. వర్క్‌షాప్ కాగితంల పంపు రాసిన్రు, నిజమే. టర్బో సెట్టు గూడ రాసిన్రు. ఇరుసును పట్టి ఊపి చూస్తే దానికేం రోగం లేదు.

బోరు నీళ్లు మళ్లా పొయ్యలే. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ నీళ్లు సగం, కూలెంట్ సగం. బండి ముందరి చక్రాలను దిమ్మెల మీదికి ఎక్కించి, హీటర్ నిండుగ తిప్పి, మెల్లమెల్లగ పోసుకుంట బుడగలు ఆగేదాకా కూసున్నం. లోపట గాలి ఉండిపోతే ఎన్ని కొత్త పార్టులు వేసినా మసులుతది. ఆ రాత్రి మూడయ్యింది. మా అక్క టిఫిన్‌ల జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పంపింది. కూలెంట్ తియ్యగుంటది, విషం. కుక్కలు నాకుతయి, చిన్నపిల్లలు గూడ. కింద కారింది కడగకుండ పోతే మావోడు ఊకోడు.

పొగ దిక్కు పని ఇంకా మొండిది. టర్బోకు ఇంజన్‌కు నడుమ నాలుగు నట్లు. పన్నెండేండ్లు మండిన నట్లు. అక్కడ పెట్రోల్ బండ్లకు వేడి 900 డిగ్రీలు దాటుతది. రెండొచ్చినయి. మూడోదాన్ని మంట చూపించి, డీజిల్ సుక్కలేసి, మళ్లా మంట చూపించి, రెండు రాత్రిళ్లు బతిమాలితే వచ్చింది. నాలుగోది విరిగింది. దాన్ని సన్నం బిట్టుతోని సరిగ్గ నడిమిట్ల తొలిచి తీసిండు. బిట్టు ఒక్క వెంట్రుకంత పక్కకు పోతే మొత్తం పార్టు ఖరాబు. ఐటీఐల ఇది రాయించిన్రట గని చేయించలేదట. విప్పినంక చూస్తే గ్యాస్కెట్ ఒక దిక్కు కాలి, నల్లటి గీత. బండి లేసేటప్పుడు వినవడే చిక్ చిక్ సప్పుడు అదే. టర్బోకు తాకాల్సిన పొగ సందుల నుంచి బయటికి పోతుంటే తిత్తి ఎట్ల ఊదుతది? కింద మెత్తటి జాలీ పైపు గూడ పగిలింది, కోసి కొత్తది వెల్డింగ్ చేసిండు. రాగి నట్లు వేసిండు, మళ్లా పట్టుకోకుండ. వేడి రేకును మాత్రం పాతదే సాపు చేసి బిగించిండు. అది లేకపోతే పక్కనున్న వైర్లు, నూనె పైపు కాలుతయి.

పైపు విప్పి ఉన్నప్పుడే మా ఇద్దరికి పంచాయితీ అయ్యింది. సైలెన్సర్ లేకుండ ఒకసారి స్టార్ట్ చేసిండు. షెడ్డు రేకులు అదిరినయి. నాకు, నిజం చెప్తున్న, పానం లేసొచ్చింది. "ఇట్లనే ఉంచురా" అన్న. ఎందుకన్ననో చెప్త. పీనుగకు, జాతరకు, పటేలింటి పెండ్లికి మా డప్పు సప్పుడు కావాలె. మా పెండ్లికొడుకు గుర్రమెక్కి వాళ్ల గల్లీల నుంచి పోతే అదే సప్పుడు చెవులకు గుచ్చుతది. మా వాడకట్టుల రాత్రి పదింటికి దొరల పిల్లలు బుల్లెట్ల సైలెన్సర్లు మార్చుకోని పటపటమనుకుంట తిరుగుతరు. పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తరు, ఎవడూ అడగడు. సప్పుడు గూడ ఆస్తే. ఎవడు చెయ్యొచ్చు, ఎవడు ఇనాలె అన్నది ఊరు పంచిపెట్టింది. మావోని కారు ఒక్కసారి పెద్దగల్లీల ఉరుముకుంట పోవాలని నాకు అనిపించింది.

వాడు ఒప్పుకోలే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చేసినట్టు గాక మార్చొద్దు, 190 ప్రకారం సప్పుడుకు, పొగకు కేసు, అని నాకే చెప్పిండు. "బుల్లెట్ పోరనికి వార్నింగ్ ఇచ్చి పంపుతరు మామ, నన్ను స్టేషన్ల కూసోపెడతరు" అన్నడు. అదొక్కటే గాదు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే పొగల విషం నేరుగ వస్తది, ఆ పొగ ముందుగాల తాగేది షెడ్డుల కింద పండుకునే తనే. టర్బో చక్రమే సప్పుడు సగం మింగుతది, దాని తర్వాతి పైపు సాపుగ, సందులేకుండ ఉంటే చాలు, బలం వస్తది అన్నడు. ఆఖరుకు అసలు మాట అన్నడు. "మామ, రేపు పటేలు కారు నా దగ్గరికి రావాలంటే నా కారు సప్పుడు గాదు, నా పని ఇనవడాలె."

"పటేలు చెవికి ఇంపుగ బతుకుడు ఎన్నడాగుతదిరా?" అన్న.

వాడు కొంచెంసేపు ఏమనలే. తర్వాత "లైటు జర ఎడమకు పట్టు మామ" అన్నడు.

ఈ పంచాయితీ మాకు తెగలే. సైలెన్సర్ బిగించిండు, బండి మెత్తగ నడుస్తున్నది. నాకింకా ఆ రేకులు అదిరిన సప్పుడే చెవుల ఉన్నది. వానిది బతుకుతెరువు లెక్క, నాది ఆత్మగౌరవం లెక్క అని మీలో కొందరు తేల్చేస్తరు. అంత తేలిగ్గ తేల్చకుండ్రి. కిస్తీ కట్టేది వాడు.

మొత్తం ఖర్చు 26,300 రూపాయలు, మజూరీ కలపలే. లక్షా అరవై ఐదు వేల కాగితం మావోడు షెడ్డు గోడకు అంటిచ్చిండు.

పైన పగ్గాలు పట్టిన మనిషిని యాది పెట్టుకోమన్న గదా. 2021ల దళితబంధు వచ్చింది, ఇంటికి 10 లక్షలు, అప్పు గాదు, ఇచ్చుడే. హుజూరాబాద్ తర్వాత తీసుకున్న నాలుగు మండలాలల్ల ఒకటి మన జిల్లా నిజాంసాగర్. ఎల్లారెడ్డికి పక్కనే. శానమంది బండ్లే తీసుకున్నరు. కార్లు, ట్రాలీలు, ట్రాక్టర్లు. నేను ఆ పథకాన్ని ఎక్కిరించేటోన్ని గాను. తాత బండి వెనక ఉరికితే మనవడు స్టీరింగ్ పట్టిండు, అది చూడనీకి రెండు కండ్లు చాలవు. కానీ ఆ డీజిల్ బండ్లల్ల శానవాటికి టర్బో ఉన్నది. వారంటీ అయిపోయినంక ఆ బండ్లు ఎక్కడికి పోతున్నయో చూడండ్రి. బండి ఇచ్చిన్రు, బండి కడుపుల ఏమున్నదో చెప్పే చదువు ఇయ్యలే. ఉరికిచ్చి ఉరికిచ్చి తెచ్చి వెంటనే ఇంజన్ బంద్ చేస్తే, టర్బో ఇరుసు కాడ నూనె నిలబడి మాడి బొగ్గైతదని ఒక్క నిమిషంల చెప్పొచ్చు. ఒకటి రెండు నిమిషాలు ఊకె నడవనిచ్చి బంద్ చెయ్యాలె, అంతే. ఆ ఒక్క మాట తెలవక ఒక తమ్ముడు టర్బోకే అరవై వేలు పెట్టిండు. కిరాయిలు లేని ఎండకాలంల అరవై వేలంటే బండి అమ్ముకునుడే. అమ్మితే కొనేదెవరో మీకు తెలుసు. బండి చేతులు మారుతది, మనోడు మళ్లా దానికే డ్రైవరైతడు.

కులం పనిని పంచుకునుడు గాదు, పనివాళ్లనే మెట్లుమెట్లుగ విడగొట్టుడు అన్నడు బాబాసాహెబ్ 1936ల. షెడ్డుల గూడ ఆ మెట్లున్నయి. పొగ పైపు కింద పండుకునేది ఒకడు, కంప్యూటర్ పెట్టి రోగం చెప్పేది ఇంకొకడు. మావోడు వెయ్యి రూపాయల రీడర్ కొని ఫోన్ల అదే చదువుకుంటున్నడు. ఇంగ్లీషు మాటలు రాత్రి నాకు ఫోన్ చేసి అడుగుతడు. నేను తప్పు చెప్తే వానికి తెలుస్తది, ఎందుకంటే బండి ఒప్పుకోది.

బండి బాగైనంక తాడ్వాయి, లింగంపేట మీదుగ ఎల్లారెడ్డికి పోయొచ్చినం. రోడ్డు సగం వడ్లే. ఫోన్ల సూది 91, 93, అడివి దాటేకాడ ఏసీ పెట్టి ఎక్కిస్తే 97, మళ్లా 92. మావోడు రోడ్డు చూసినదానికంటె ఫోన్ ఎక్కువ చూసిండని నేను తిట్టిన. ఎల్లారెడ్డిల చాయ తాగుతుంటే ఒక పెద్దాయన బండి చుట్టు తిరిగి "ఎవరిది?" అన్నడు. మావోడు గిలాస కింద పెట్టకుండనే "నాదే" అన్నడు. ఆయన "ఎవరు చేసిన్రు?" అన్నడు. "నేనే." ఆయనకో పాత డీజిల్ జీపున్నదట, ఎక్కుడు ఎక్కితే మసులుతదట. నంబర్ తీసుకున్నడు. ఇంటిపేరు అడిగిండు గూడ. మావోడు చెప్పిండు. ఆయన నంబర్ అయితే కొట్టెయ్యలే. వారం తర్వాత జీపు వచ్చింది. పైసలు మాత్రం సగమే ఇచ్చిండు, మిగిలింది వడ్లు అమ్మినంక అన్నడు.

పోయిన ఆదివారం నుంచి షెడ్డుల ఒక పని మొదలువెట్టినం. ఉస్తాదు పొద్దుగాల పది నుంచి ఒంటిగంట దాకా జాగ ఇస్తనన్నడు. బండి ఉన్నోళ్లు, బండి తోలేటోళ్లు, డిగ్రీ చదువుకుంట సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు ఎవరైనా రావొచ్చు. మొదటి వారం తొమ్మిదిమంది వచ్చిన్రు, అండ్ల ఇద్దరు ఆడపిల్లలు, నిజాంసాగర్ దిక్కునుంచి. వాళ్ల నాయనకు ట్రాలీ ఉన్నదట. వచ్చే ఆదివారం నీళ్ల పని, ఆ తర్వాత నూనె, ఆ తర్వాత పొగ. పైసలేం లేవు. పాత బట్టలు తొడుక్కోని రండ్రి, నూలువి. నైలాన్ చున్నీ, నైలాన్ షర్టు వద్దు, పొగ పైపుకు తాకితే ఒంటికి అంటుకుంటది. చెప్పులు గాదు, బూట్లు. మూత దగ్గరికి మాత్రం మావోడు చెప్పేదాకా ఎవరూ పోవద్దు.

జై భీమ్.